ఆడపిల్ల రికాబీ

మన ఇళ్లలో సలాం అయిన వెంటనే వచ్చే సవాల్ ఒకటే. 'ఖానా హువా?' జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. 'హువా.' పొయ్యి వెలగని రోజు కూడా 'హువా' అనే అంటాం. ఫాకా సంగతి పరాయివాళ్ల ముందు చెప్పుకోవడం మన దగ్గర బేఇజ్జతీ. పక్కింటివాళ్లకు వినపడాలని ఖాళీ దేగ్చీలో గరిటె తిప్పే ఆడవాళ్లను నా చిన్నతనంలో చూశాను.

ఇప్పుడు అంత గురబత్ లేదు, అల్హమ్దులిల్లా. తెలంగాణలో రేషన్ కార్డు ఉంటే మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం వస్తాయి. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. దేగ్చీలో అన్నం ఉంటోంది. అందుకే భూక్ అనే మాట వింటే మనకు ఎవరో వేరేవాళ్ల సంగతి అనిపిస్తుంది. మా వార్తల డెస్కులో కూడా ఆకలి అంటే ఫుట్‌పాత్ ఫొటో వెతుకుతారు. చున్నీ సరిచేసుకుంటూ కాలేజీ బస్సెక్కే పదహారేళ్ల పిల్ల ఫొటో ఎవరూ వెతకరు.

ఆ పిల్ల మా చెల్లెలి కూతురు. నా భాంజీ. బోరబండలో ఉంటారు. దూలాభాయ్ ఆటో నడుపుతాడు. పిల్ల సర్కారీ జూనియర్ కాలేజీలో ఇంటర్ ఫస్టియర్. ఒకరోజు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడింది. ఇంట్లో ముందు నజర్ అన్నారు, మిరపకాయలు ఉప్పు దిగదీశారు. రెండోసారి పడితే బస్తీ దవాఖానాకు తీసుకెళ్లారు. అక్కడ పరీక్షలు ముఫ్త్. హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి.

చెల్లెలు నాకు ఫోన్ చేసి మొదట చెప్పింది రోగం గురించి కాదు. 'ఆపా, కిసే నక్కో బోలో. రిష్తే ఆతే రహతే సో వఖత్ హై' అంది. ఖూన్ కీ కమీ ఉన్న పిల్ల అని తెలిస్తే రేపు వచ్చే సంబంధం వెనక్కి పోతుందట. పిల్లకు రక్తం తక్కువైందన్న భయం కంటే ఆ మాట గల్లీ దాటుతుందన్న భయం ఎక్కువ. దానికి నేను కోప్పడలేదు. ఎందుకంటే ఆ భయం ఉత్తది కాదు. మన దగ్గర పిల్లను చూడ్డానికి వచ్చేవాళ్లు రంగు అడుగుతారు, బీమారీ అడుగుతారు. రోజూ ఏం తింటుందని మాత్రం అడగరు.

ఏం తింటుందో నేను అడిగాను. ఒక వారం పాటు రోజూ రాత్రి ఫోన్‌లో రాసి పంపమన్నాను. పొద్దున చాయ్, రెండు రస్కులు. బస్సు తప్పిపోతుందని ఒక్కోరోజు అదీ లేదు. మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర సమోసా, లేదంటే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్. బాత్రూముకు పోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తక్కువే. సాయంత్రం ఇంటికి రాగానే మళ్లీ చాయ్. రాత్రి అన్నం, ఖట్టీ దాల్, పాపడ్. ఇత్వార్‌నాడు చికెన్. వారం మొత్తంలో ఒక్క ఫలం లేదు, ఒక్క ఆకుకూర లేదు, రెండు గుడ్లు. కడుపు మాత్రం నిండింది. 'భూకీ నై రహతీ ఖాలా' అని పిల్లే చెప్పింది. నిజమే, భూకీ లేదు. కానీ ఒంట్లోకి పోవాల్సింది పోవడం లేదు.

మన దేశంలో పోషకాహారం లెక్కలు చూసే పెద్ద సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని, అదే వయసు మగపిల్లాడికి 26 చాలని 2020లో వాళ్లు లెక్క కట్టారు. కారణం మనకు తెలిసిందే. పిల్ల ప్రతి నెలా రక్తం పోగొట్టుకుంటుంది. అంటే ఇంట్లో ఎవరి రికాబీలో ఎక్కువ ఉండాలో సైన్స్ చెప్పింది. మన దస్తర్‌ఖాన్ మీద అది తిరగబడి ఉంటుంది.

ఇత్వార్ చికెన్ సంగతే చూడండి. ముందు అబ్బాకు, తర్వాత కొడుక్కి. 'లడ్కా హై, బాహర్ ఫిర్తా' అని రెండు బోటీలు ఎక్కువ. కూతురికి మెడ, రెక్క, షోర్వా. చివర్లో దేగ్చీ తుడుచుకుని అమ్మీ. ఇది జుల్మ్ అని ఎవరూ అనుకోరు. ఆడపిల్లకు సబర్ నేర్పుతున్నాం అనుకుంటారు. అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోవడం మన తహజీబ్ అని మనం ఫఖర్‌గా చెప్పుకుంటాం. కూర్చోవడం ఒకటే, వడ్డించడంలో మాత్రం దర్జాలు ఉన్నాయి.

ఇది మా చెల్లెలి ఇంటి కథ మాత్రమే అయితే రాసేదాన్ని కాదు. 2016 నుంచి 2018 వరకు దేశమంతా తిరిగి చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతానికి, మగపిల్లల్లో 18 శాతానికి రక్తహీనత కనపడింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో అది 59.1 శాతం. అంతకు ముందు సర్వేలో 54.1. మొదటి సర్వేలో నరం నుంచి రక్తం తీశారు, రెండోదాంట్లో వేలు గుచ్చి చూశారు, కాబట్టి రెండూ కలిపి పోల్చలేం. ఎంత తగ్గించి చూసుకున్నా పదిమంది పిల్లల్లో నలుగురు. మీ గల్లీలో పొద్దున బుర్ఖాల్లో, యూనిఫారాల్లో కాలేజీకి పోయే పదిమందిని లెక్కపెట్టుకోండి.

పల్లెల్లో పిల్లలు బాగా తింటారు, పట్నం పిల్లలే ప్యాకెట్లు తిని పాడవుతున్నారని మనకో ఖయాల్ ఉంది. నల్లగొండ వైపు మా ఫుప్పూ వాళ్ల ఊరు పోయినప్పుడల్లా ఆ ఖయాల్ కొంచెం కొంచెంగా పోయింది. ఫుప్పూ మనవడికి పద్నాలుగేళ్లు. చూస్తే పదకొండు అనుకుంటారు. ఇంట్లో ఒక బర్రె ఉంది. పొద్దున్నే పాలు డెయిరీ క్యాన్‌లోకి పోతాయి, ఇంట్లో చాయ్‌కి సరిపడా మిగుల్తాయి. నాలుగు కోళ్లు ఉన్నాయి. గుడ్లు కిరాణా కొట్టుకు పోయి నూనె, సబ్బు అయి వస్తాయి. పెరట్లో మునగచెట్టు ఉంది. కాయలు కోసుకుంటారు, ఆకు మేకలకు వేస్తారు. చుట్టూ పత్తి చేలు. నా చిన్నప్పుడు అదే ఊళ్లో జొన్న రొట్టె, అంబాడే కీ భాజీ తినేవాళ్లం. ఇప్పుడు మూడు పూటలా అన్నమే. పొద్దున రాత్రన్నంలో అచార్, పగలు బడి అన్నం, రాత్రి చారు.

ఆ పిల్లాడి ఒంట్లో కొంచెం కండ ఉందంటే జిల్లా పరిషత్ బడి చలవే. నేను ఉర్దూ మీడియం బడిలో చదివిన రోజుల్లో ఇంటర్వెల్ గంట కొడితే ఇల్లు దగ్గరున్నవాళ్లు ఇంటికి పోయేవాళ్లు, లేనివాళ్లు నల్లా దగ్గర నీళ్లు తాగేవాళ్లు. బళ్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు హుకుం ఇచ్చింది 2001 నవంబర్ 28న. మన దగ్గర 2003లో మొదలైంది. కేంద్రం లెక్క ఎనిమిదో తరగతి వరకే. ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లకు పూటకు 700 క్యాలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలని అందులో ఉంది. తొమ్మిది, పది పిల్లలకు మన రెండు రాష్ట్రాలూ తమ ఖర్చుతో పెడుతున్నాయి. ఫుప్పూ మనవడికి ఇత్వార్ అంటే అందుకే పసంద్ లేదు. 'ఆజ్ అండా నై' అంటాడు. ఎండాకాలం సెలవులంటే వాడికి రెండు నెలలు అండా లేదు.

ఇక్కడ మీరంతా ఒక్క నిమిషం గౌర్ చేయాల్సిన సంగతి ఉంది. ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచి సర్కారు ఆమెకు ఎప్పుడెప్పుడు రికాబీ పెడుతుందో చూడండి. ఆరేళ్ల వరకు అంగన్‌వాడీ. ఆ తర్వాత పదో తరగతి వరకు బడి అన్నం. మళ్లీ ఆమెకు అన్నం పెట్టేది కడుపుతో ఉన్నప్పుడు. తెలంగాణలో అంగన్‌వాడీలో గర్భిణికి ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. మంచిదే. మరి పదో తరగతికీ, కడుపుకీ మధ్యలో? కిశోర బాలికల కోసం కేంద్రం పథకం ఒకటి ఉంది. ఇప్పుడది వెనకబడిన కొన్ని జిల్లాలకూ ఈశాన్య రాష్ట్రాలకే. తెలంగాణలో ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. బోరబండ పిల్లకు అందులో చోటు లేదు, నల్లగొండ పిల్లకూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి సర్కారీ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. తెలంగాణలో 2020లోనే ఈ మాట వినపడింది. మా భాంజీ చదివే కాలేజీ గేటు దగ్గర ఇంకా సమోసా బండే ఉంది.

సర్కారును అనేముందు మన ఘర్ కా హాల్ కూడా చూసుకోవాలి. మన రివాజులు కూడా అచ్చం అంగన్‌వాడీ లాంటివే. పిల్ల పెద్దమనిషైతే ఊళ్లలో మన ఇళ్లలో కూడా నువ్వులు, బెల్లం, ఎండు కొబ్బరి పెడతారు. వారం పది రోజులు. ఆ తర్వాత మళ్లీ షోర్వా. శాదీ అయ్యి కడుపు పండితే ఏడో నెలలో సాత్వాసా చేసి ఏడు రకాలు ముందర పెడతాం. కాన్పు అయ్యాక చిల్లా నలభై రోజులు అచ్వానీ, గోంద్ కే లడ్డూ, కలేజీ, పాయా. ఎంత ముహబ్బత్! అదంతా పుట్టబోయే ఔలాద్ కోసం, పుట్టిన ఔలాద్ కోసం. పిల్ల తన ఒంటి కోసం తాను తినాల్సిన వయసు ఒకటుంది. పదిహేను నుంచి శాదీ దాకా. ఆ వయసుకు మన దగ్గర ఒక్క రివాజ్ లేదు.

కొందరు తల్లులు గురుకులాల దారి పట్టారు. 2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాక పిల్లల్ని అక్కడ చేర్చిన తల్లులతో మాట్లాడాను. చదువు గురించి ముందు చెప్పారు. చాయ్ తాగాక అసలు మాట చెప్పారు. 'వహాఁ ఖానా తో మిల్తా, ఆపా.' బిడ్డను కళ్ల ముందు నుంచి దూరం పెట్టుకున్న తల్లి అలా అన్నప్పుడు నా కలం చాలాసేపు కదల్లేదు.

ఇక గోలీల సంగతి. 2013 నుంచి బళ్లలో వారానికొక నీలి రంగు గోలీ ఇస్తున్నారు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో నులిపురుగులు రక్తం తాగేస్తాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఆల్బెండజోల్ గోలీ కూడా. మా భాంజీ పదో తరగతిలో ఆ నీలి గోలీలను బ్యాగు జిప్పులో దాచి బయట పారేసేది. ఎందుకంటే మింగితే వికారం, మలం నల్లగా రావడం, మలబద్ధకం. ఇవి మామూలేనని, ఏమైనా తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు. ఇంతలో గల్లీలో ఒక ఖాలా నన్ను పక్కకు పిలిచి అడిగింది. 'యే గోలియాఁ ఖాయేతో ఔలాద్ నై హోతీ కతే. సచ్ హై క్యా?' ఝూట్ ఖాలా. తల్లి అయ్యే నాటికి ఒంట్లో రక్తం ఉండాలనే ఇవి ఇచ్చేది. రక్తం లేని తల్లికి కాన్పులో ప్రాణం మీదికి వస్తుంది. అది మాత్రం సచ్.

దవాఖానాలో డాక్టరమ్మ రోజువారీ గోలీలు రాసి, తిండి గురించి చెప్పింది. ఆ మాటలు, నేను పోగు చేసుకున్నవి కలిపి మన ఇంటి భాషలో రాస్తున్నాను.

అన్నం తినగానే చాయ్ తాగకండి. చాయ్‌లో ఉండే టానిన్ తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అన్నానికి ముందూ తర్వాతా కనీసం గంట దూరం పెట్టండి. ఇరానీ చాయ్ ఊరికి ఇది కష్టమైన నసీహత్ అని నాకు తెలుసు. ఆకుకూరలు, పప్పుల్లో ఐరన్ ఉంటుంది గానీ ఒంటికి తక్కువ పడుతుంది. పైన నింబూ పిండితే, పక్కన జామపండు ముక్క తింటే ఎక్కువ పడుతుంది. మన ఖట్టీ దాల్‌లో ఇమ్లీ బదులు అప్పుడప్పుడు నింబూ పిండుకోవచ్చు. ఎర్రగా ఉన్నవన్నీ రక్తం కావు. అనార్, బీట్‌రూట్‌లలో ఐరన్ చాలా తక్కువ. ఖర్చుపెట్టి పిల్లకు అనార్ జ్యూస్ తాగించి ఫర్జ్ అయిపోయింది అనుకోకండి. అదే డబ్బుకు కలేజీ తెండి. అందులోని ఐరన్ తేలిగ్గా పడుతుంది. గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కానీ రక్తానికి గుడ్డు ఒక్కటే చాలదు. పల్లీలు, శనగలు, రాగి రొట్టె, మునగాకు, ఇవేవీ మహంగీ కాదు.

గోష్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. గరీబు ముసల్మాన్ ఇంట్లో పిల్లల ఒంటికి రక్తం పట్టించింది మటన్ కాదు. బడే కా గోష్, దాని కలేజీ, దాని పాయా. మటన్ ధర ఆటో నడిపేవాడికి ఈద్‌నాడు మాత్రమే అందుతుంది. ఇప్పుడు మా చెల్లెలు బడే కా గోష్ తెచ్చుకోవడానికి కూడా సంచీ లోపల సంచీ పెట్టుకుని పోతోంది. ధర పెరిగింది, దానికంటే భయం పెరిగింది. అందుకే ఫారం కోడి, ఆలూ. రాజకీయాల వాళ్లు ఆ సంచీ గురించి గంటలు గంటలు మాట్లాడతారు. దాని బరువు తగ్గితే ఏ పిల్ల రక్తం తగ్గుతుందో మాట్లాడరు.

రంజాన్ గురించి కూడా రెండు ముక్కలు. మా భాంజీ పోయిన రంజాన్‌లో సహెరీకి లేవకుండా, చాయ్ కూడా లేకుండా రోజాలు ఉండింది. ఇఫ్తార్‌లో మిర్చీలు, పకోడీలు, రంగు షర్బత్. షౌఖ్‌తో ఉన్న పిల్లను ఎవరూ ఆపరు, ఆపమని నేనూ అనను. కానీ బీమార్‌కు రోజా వదిలి తర్వాత ఖజా చేసుకునే రుఖ్సత్ ఖురాన్‌లోనే ఉంది. డాక్టర్‌నూ ఆలిమ్‌నూ ఇద్దర్నీ అడగండి. రోజా ఉండగలిగిన పిల్లను సహెరీకి లేపి ఒక గుడ్డు, ఒక రొట్టె, పెరుగు తినిపించండి. లేపడం సవాబే.

మూడు నెలల తర్వాత భాంజీ రక్తం 10.6కి వచ్చింది. ఇంకా 12 కాలేదు. చెల్లెలు ఒక పని చేసింది. వడ్డించే ముందే పిల్ల బోటీలు పక్కన తీసి పెట్టడం మొదలుపెట్టింది. కొడుకు రెండు వారాలు మొహం మాడ్చుకున్నాడు. దూలాభాయ్ మొదట ఏమీ అనలేదు, ఒకరోజు తన రికాబీలోంచి ఒక ముక్క తీసి కూతురి రికాబీలో వేశాడట. కాలేజీకి డబ్బాలో చపాతీ, శనగల కూర పోతోంది. రిష్తా వాళ్లకు చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. చెల్లెలు వద్దంటుంది. పిల్ల మాత్రం 'పూఛేతో బోల్దేంగే, బుఖార్ ఆయా తో నై బోల్తే క్యా' అంటుంది. ఇది రాస్తానని ఆమెనే అడిగాను. 'నామ్ నక్కో ఖాలా, బాకీ సబ్ లిఖో' అంది.

బాకీ మన మీద ఉన్నది కూడా రాస్తాను. రంజాన్‌లో మన మసీదు కమిటీలు రేషన్ కిట్లు పంచుతాయి. బియ్యం, నూనె, చక్కెర, సేమ్యా, చాయ్‌పత్తా. బియ్యం రేషన్ దుకాణంలో వస్తూనే ఉన్నాయి. ఆ కిట్టులో శనగలు, పల్లీలు, రాగి పిండి పెడితే ఖర్చు పెద్దగా పెరగదు. పొరుగింటి భూక్ తెలిసీ కడుపునిండా తినేవాడి ఈమాన్ గురించి హుజూర్ చెప్పిన మాట ప్రతి జుమ్మా బయాన్‌లో వింటాం. ఆ పొరుగింట్లో ఇంటర్ చదివే పిల్ల ఉందేమో అడగండి. జకాత్ రెండున్నర శాతంలోంచి ఒక్కో గల్లీ ఒక్కో కాలేజీ పిల్లల పగటి అన్నానికి జిమ్మేదారీ తీసుకోవచ్చు. ఖుర్బానీలో గరీబుల హిస్సా పంచేటప్పుడు కలేజీ ముందుగా ఇంటివాళ్ల కోసం తీసేస్తాం కదా, ఆ ఏడాది దాంట్లో కొంచెం ఆడపిల్లలున్న ఇళ్లకు పంపండి.

ఇదంతా కావడానికి టైం పడుతుంది. ఈ రాత్రికి అయ్యే పని ఒకటుంది. మీ ఇంట్లో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్ల ఉంటే ఖానా హువా అని అడగకండి. ఏం తిన్నావు బేటా, పొద్దున్నుంచి ఒక్కొక్కటి చెప్పు అని అడగండి. ఈ వారంలో ఏదో ఒకరోజు దగ్గరి దవాఖానాకు తీసుకెళ్లి వేలు గుచ్చించండి. వచ్చిన నంబర్ ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్ ఉంటే ఫ్రిజ్ మీద, లేకపోతే వంటింటి తలుపు మీద అంటించండి. వడ్డించేవాళ్లకు కనపడాలి.